సిమ్ పెట్టే జాగ లేని ఫోన్

కోరుట్ల

బిడ్డా,

నాచుపల్లి హాస్టల్ల తిండి ఇంక అలవాటైందా? సెలవు మీద వచ్చేటప్పుడు ఐఫోన్ 17 తెమ్మని మీ బాపుకు చెప్పినవట. లాప్‌టాప్ ఏమో గేమింగ్‌ది, ఈఎంఐల మీద జగిత్యాలల తీసుకుంటనన్నవట. బావ షార్జా నుంచి నాకు ఫోన్ చేసి, "నువ్వు ఫోన్లు బాగుచేసే పనే చేస్తవు కద, ఏది తేవాల్నో చెప్పు" అని అడిగిండు. ఆయనకు చెప్పే బదులు నీకే రాస్తున్న. వాడేది నువ్వు, తేల్చుకోవాల్సింది కూడ నువ్వే. ఫోన్ల చెప్తే "సరే మామా" అని పెట్టేస్తవు. కాయితం మీద అయితే నిమ్మళంగ చదువుకుంటవు.

ముందుగాల ఒక సంగతి తెలుసుకో. దుబాయ్, షార్జా, సౌదీ, ఖతర్, ఒమన్, కువైట్, బహ్రెయిన్‌ల అమ్మే ఐఫోన్ 17కు సిమ్ పెట్టే జాగనే లేదు. ఈ-సిమ్ ఒక్కటే పడుతది. మన దేశంల అమ్మేదానికి సిమ్ ట్రే ఉన్నది. పేరు ఒక్కటే, రంగు ఒక్కటే, ఫోన్ మాత్రం వేరు. ఈ-సిమ్ అయితే ఏమయితది అంటవా? రోజూ వాడుకొనేటందుకు ఏం కాదు. కింద పడి తెర నల్లగైన రోజు తెలుస్తది. మామూలు ఫోనయితే సిమ్ తీసి పక్కదాంట్ల వేస్తం, ఐదు నిమిషాలల్ల ఓటీపీ వస్తది, స్కాలర్‌షిప్ ఫారం నిండుతది. ఈ-సిమ్‌ను కంపెనీతోని మాట్లాడి ఇంకో ఫోన్లకు ఎక్కించుకోవాలె, ఆ ఇంకో ఫోన్ కూడ ఈ-సిమ్ పట్టేదే కావాలె. మన ఇండ్లల్ల ఉన్న ఫోన్లు చూడు, ఒక్కటన్న పడుతదా? నీ స్నేహితురాండ్ల ఫోన్లల్ల ఎన్నింటికి పడుతదో అది కూడ అడిగి చూడు.

ఆ ఫోన్ మంచిది కాదని నేను అంటలేను. కెమెరా మంచిది, పనితనం మంచిది, ఏండ్లకేండ్లు అప్‌డేట్లు కూడ వస్తయి. అయితే మంచి వస్తువు అనేది ఒక ముచ్చట, మన చేతికి మంచి వస్తువు అనేది ఇంకో ముచ్చట.

ఇగ పైసల సంగతి. ఇక్కడ దాని ధర 82,900 రూపాయలు, అక్కడ 3,399 దిర్హంలు. బావకు చేతికొచ్చేది 1,200 దిర్హంలు. అండ్ల తిండి, ఫోన్ రీచార్జి పోను ఇంటికి పంపుతడు. తినకుంట, పంపకుంట ఉన్నా మూడు నెలల జీతం దగ్గర దగ్గర అయితది. మీ అమ్మ, అంటే మా అక్క లెక్క చూస్తే, బీడీ కార్మికుల పెన్షన్ నెలకు 2,016. నలభై రెండు నెలల పెన్షన్ కలిపితే ఆ ఫోన్ వస్తది, అంటే మూడేండ్లు దాటి. ఆమె ఇంక తునికాకు కత్తిరించుడు మానలేదు కద, వేళ్ల కొనలు చూసినవా ఈ మధ్య? నీ మనసు కష్టపెట్టాలని ఈ లెక్క చెప్తలేను. పైసలు ఏ చేతుల నుంచి వస్తున్నయో తెలిసినంకనే ఏం కొనాల్నో మాట్లాడుకుంటే అది సక్కటి మాట అయితది.

ఆ ఫోన్‌తోని నువ్వు ఏం చేస్తవని ఆలోచించు. మీ బాపుతోని మాట్లాడుతవు. అక్కడ వాట్సాప్ కాల్ పోదు, అందుకే మీరు బోటిమ్‌ల మాట్లాడుతరు. అది ఫోన్ తప్పు కాదు, ఆ దేశం పెట్టుకున్న నియమం. 82,900 రూపాయల ఫోన్ నుంచి చేసినా ఆ కాల్ పోదు. వాయిస్ మెసేజ్ మాత్రం ఏడెనిమిది వేల ఫోన్ నుంచి కూడ పోతది. మీ తాత మస్కట్‌ల ఉన్నప్పుడు మీ అమ్మమ్మ క్యాసెట్ల మాట్లాడి, సెలవు మీద వచ్చి తిరిగి పోయేటోళ్ల చేతికి ఇచ్చి పంపేది. ఒక దిక్కు ఇంటి ముచ్చట్లు, ఇంకో దిక్కు పిల్లల పాటలు. జవాబు క్యాసెట్ రావాలంటే ఇంకొకరు సెలవు మీద రావాలె. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఎన్ని ఇండ్లల్ల అట్లాంటి క్యాసెట్లు ఇంక సందుగులల్ల ఉన్నయో! తాత తెచ్చిన టూ-ఇన్-వన్‌ను బెల్ట్ తెగినప్పుడల్ల మార్పించి పదిహేనేండ్లకు పైన వాడినం. అది ఆ రోజులల్ల కొత్తదే, గొప్పదే, నేను కాదనను. మెట్‌పల్లి బజార్ల బెల్ట్ దొరికేది, వేసే మనిషి ఉండేటోడు, అందుకే అన్నేండ్లు నడిచింది.

వస్తువు కొనేటప్పుడు నేను ముందుగాల చూసేది అదే బిడ్డా: చెడిపోతే ఎవరు బాగుచేస్తరు, ఎంతల అయితది, ఎన్ని రోజులల్ల అయితది.

నా బల్ల మీదికి వచ్చే రోగాలు ఎక్కువ రకాలేం కాదు. కాంబో, అంటే తెర టచ్ కలిసిన ముక్క పగులుడు, చార్జింగ్ పిన్ వదులయ్యుడు, బ్యాటరీ ఉబ్బుడు, మైకు పోవుడు, నీళ్లల్ల పడుడు. ఇగ ఎండకాలం మన దిక్కు 45 డిగ్రీలు దాటినప్పుడు బండి ట్యాంక్ కవర్ల పెట్టిన ఫోన్లు వరుసపెట్టి వస్తయి. లిథియం బ్యాటరీకి వేడే పెద్ద శత్రువు. ఎంత పెద్ద కంపెనీదైనా ఐదారు వందల నుంచి వెయ్యి చార్జింగ్‌లు అయినంక దాని బలం ఐదో వంతు పోతది. అది కెమిస్ట్రీ, పేరును చూసి ఆగేది కాదు. బ్యాటరీ మార్చుడు ప్రతి ఫోన్‌కు వచ్చే పనే. పదిహేను వేల ఫోన్‌కు బ్యాటరీ, కాంబో రెండూ మార్చినా మూడు నాలుగు వేలల్ల పని అయిపోతది. హైదరాబాద్ ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కు పొద్దుగాల ఫోన్ చేస్తే ఆర్టీసీ కార్గోల తెల్లారేసరికి సామాను వస్తది. పెద్ద ఫోన్ తెర పగిలితే అసలు కంపెనీ తెర వేయించే పైసలతోని ఇంకో మామూలు ఫోన్ కొనొచ్చు. అంత పెట్టలేక నకిలీ తెర వేయించుకుంటరు. రంగులు తేలిపోతయి, టచ్ సతాయిస్తది, ఎనభై వేల ఫోన్ ఎనిమిది వేల ఫోన్ పని చేసుకుంట కూసుంటది. అట్ల వాడేటోళ్లను చూస్తే నాకు బాధయితది. ఎందుకంటే దాని కిస్తులు ఇంక కట్టుకుంటనే ఉంటరు.

ఇది మన ఊరి బాధ ఒక్కటే అనుకోకు. యూరప్ దేశాలల్ల 2025 జూన్ 20 నుంచి కొత్త నియమం వచ్చింది. అక్కడ అమ్మే ఫోన్లకు, ఆ మోడల్ అమ్ముడు ఆపినంక ఏడేండ్లు స్పేర్ పార్టులు దొరకాలె, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఐదేండ్లు రావాలె, బ్యాటరీ ఎనిమిది వందల చార్జింగ్‌ల తర్వాత కూడ 80 శాతం నిలువాలె. ఆమ్‌స్టర్‌డామ్‌ల ఫెయిర్‌ఫోన్ అనే కంపెనీ 2013 నుంచి ఇదే పని మీద ఉన్నది. ఇప్పుడు వాళ్లు అమ్మే ఫోన్‌ను వాడేటోళ్లే స్క్రూలు విప్పి బ్యాటరీ, తెర మార్చుకోవచ్చు. అంత బతుకు ఉన్న దేశాలల్లనే వస్తువు ఎక్కువ రోజులు నడవాలని చట్టం పెట్టుకుంటున్నరు. మన సర్కారు 2022 డిసెంబర్ 24న మరమ్మతు హక్కు పోర్టల్ మొదలుపెట్టింది, మంచి పని. యూరప్ అంత కట్టుదిట్టం మాత్రం ఇంక లేదు. అది వచ్చే దాంక మన కట్టుదిట్టం మనమే చూసుకోవాలె.

అట్లని చవకది ఏదైనా తీసుకొమ్మని చెప్పను. 2011 అక్టోబర్ 5న ఢిల్లీల ఆకాశ్ అని విద్యార్థుల కోసం ఒక ట్యాబ్లెట్ విడుదల చేసిన్రు. ప్రపంచంల అన్నింటికంటె చవకది అని పేపర్లల్ల పెద్దగ వచ్చింది. 256 ఎంబీ ర్యామ్, గట్టిగ ఒత్తితే తప్ప పనిచేయని తెర, మూడు గంటలు నిలువని బ్యాటరీ. ఆలోచన ఎంత మంచిదో వస్తువు అంత బలహీనం. పిల్లలకు అండ్ల చదువు సాగలేదు. 2017ల వచ్చిన జియోఫోన్ సంగతి వేరు. 1,500 రూపాయలు డిపాజిట్ కట్టి, బీడీలు చేసే ఆడోళ్లు, మరమగ్గం సాంచాల మీద పనిచేసేటోళ్లు మొదటిసారి ఇంటర్నెట్ చూసిన్రు. అది గొప్ప పనే అయ్యింది. గని అండ్ల ఉన్న కైఓఎస్‌కు 2025 మొదట్ల వాట్సాప్ ఆగిపోయింది. ఫోన్ మంచిగనే ఉన్నది, మోగుతున్నది, వాట్సాప్ మాత్రం లేదు. మా కాడికి తెచ్చి "బాగుచేయుమన్నా" అని అడిగితే ఏమని చెప్పాలె వాళ్లకు?

అందుకని ధర చూసినంక రెండోది చూడాల్సింది అప్‌డేట్లు ఎన్నేండ్లు ఇస్తరని. నీ బ్యాంకు, నీ పరీక్ష ఫీజు, నీ సర్టిఫికెట్లు అన్నీ అండ్లనే ఉంటయి. 2024ల 18,999 రూపాయలకు వచ్చిన సామ్‌సంగ్ గెలాక్సీ ఏ16 5జీకి కంపెనీ ఆరేండ్ల అప్‌డేట్లు మాట ఇచ్చింది. నువ్వు ఇంజినీరింగ్ అయిపోయి ఉద్యోగంల కుదురుకున్నంక కూడ ఆ ఫోన్‌కు రక్షణ ఉంటదన్నట్టు. అదే తీసుకొమ్మని కాదు, ఆ ధరల ఆ మాట ఇచ్చేటియి ఇంకా ఉన్నయి, నువ్వే వెతుకు. 128 జీబీ కంటె తక్కువ వద్దు, ఏడాదిల నిండి రోజూ ఫొటోలు తుడుచుకుంట కూసోవాల్సి వస్తది. చార్జర్ కాడ పైసలు మిగిలించకు. వంద రూపాయల చార్జర్ పెట్టి బోర్డులు కాలగొట్టుకున్న ఫోన్లు మస్తు చూస్తున్న. టెంపర్ గ్లాస్, గట్టి పౌచ్ నేనే వేసిస్త.

నువ్వు కెమెరా అన్నవు. నిజమే, ఐఫోన్ వీడియో మంచిగ వస్తది. వీడియోలు తీసి సంపాదించే పని పెట్టుకుంటే అది పనిముట్టు, అప్పుడు నేనే దగ్గరుండి ఇప్పిస్త. కొండగట్టు మెట్ల మీద స్నేహితురాండ్లతోని దిగే ఫొటోకు ఇరవై వేల ఫోన్ సరిపోతది.

ఇగ లాప్‌టాప్. ఇక్కడ నీతోని కొంత వరకు నేను ఒప్పుకుంట. సీఎస్ఈ చదివేటోళ్లకు ఫోన్ కంటె లాప్‌టాప్ ముఖ్యం, పైసలు పెట్టేదుంటే అక్కడనే పెట్టాలె. గేమింగ్‌ది మాత్రం వద్దు. మొదటి ఏడు నువ్వు రాసేది సీ ప్రోగ్రాములు. తర్వాత పైథాన్, జావా, డేటాబేస్‌లు. వీటికి గ్రాఫిక్స్ కార్డు పనే లేదు. ఎప్పుడన్న మెషీన్ లెర్నింగ్ పాఠంల జీపీయూ కావాల్సి వస్తే గూగుల్ కోలాబ్‌ల కొంతసేపు ఉచితంగనే దొరుకుతది. గేమింగ్ లాప్‌టాప్ బరువు ఎక్కువ, చార్జరే ఇటుకంత ఉంటది, ప్లగ్ తీస్తే రెండు మూడు గంటలల్ల బ్యాటరీ పడిపోతది. సిరిసిల్ల నుంచి బస్సుల నిలబడి వచ్చే పిల్ల దాన్ని మోసుకుంట తిరుగుడెట్ల?

హైటెక్ సిటీ కంపెనీలు మూడు నాలుగేండ్లకు ఒకసారి తమ లాప్‌టాప్‌లు మారుస్తయి. థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ అనేటియి. అవి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌ల చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు అమ్మకానికి వస్తయి. ఆఫీసుల కోసం చేసినయి కాబట్టి బాడీ గట్టిగుంటది, కీబోర్డు మంచిగుంటది, కింద స్క్రూలు విప్పితే ఎస్ఎస్‌డీ మార్చొచ్చు, శాన మోడళ్లల్ల ర్యామ్ కూడ పెంచుకోవచ్చు. ఇరవై రెండు వేల చుట్టుపక్కల మంచిది దొరుకుతది. ఒక్క జాగ్రత్త: 2025 అక్టోబర్ 14తోని విండోస్ 10కు మామూలు సపోర్టు అయిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్ కాని, ఆ పైది కాని ఉండాలె. ఏడో తరానివి అందుకే ఇప్పుడు బజార్ల అగ్గువకు పడ్డయి. "పదివేలకే ఐ7" అని ఎవరన్న చూపిస్తే ఏ తరందని అడుగు. అట్లాంటిదాంట్ల లైనక్స్ వేసుకొని వాడుకొనేటోళ్లు ఉన్నరు. ప్రోగ్రామింగ్ నేర్చుకొనేటందుకు లైనక్స్ ఇంక మంచిది కూడ. హైదరాబాద్‌ల స్వేచ్ఛ సంస్థ వాళ్లు ఏండ్ల నుంచి తెలుగుల కంప్యూటర్ నడవాలని, పైసలు కట్టకుంట వాడుకొనే సాఫ్ట్‌వేర్ కాలేజీ పిల్లలకు అందాలని పనిచేస్తున్నరు. వాళ్ల గురించి మీ సీనియర్లను అడుగు, కాలేజీలల్ల వాళ్లతోని కలిసి పనిచేసేటోళ్లు ఉంటరు. వాళ్ల కాడ నేర్చుకొనేది ఏ గేమింగ్ లాప్‌టాప్ నేర్పది.

ఫోన్‌కు పంతొమ్మిది వేలు, లాప్‌టాప్‌కు ఇరవై రెండు వేలు. రెండూ కలిపి నలభై ఒక్క వేలు. నువ్వు అడిగిన ఫోన్ ఒక్కదాంట్ల సగం కూడ కాదు.

ఈఎంఐ గురించి జెర గట్టిగ చెప్పాలె. "నో కాస్ట్" అని బోర్డు పెడుతరు. 2013 సెప్టెంబర్‌ల రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు సాఫ్‌గ చెప్పింది, సున్న వడ్డీ అనేది లేదు, వడ్డీని ఇంకో పేరు కింద దాచి అమ్ముడు ఆపాలె అని. ఇప్పుడు జరిగేది ఏందంటే, ఒక్కసారి పైసలు కడితే ఇచ్చే తగ్గింపు ఈఎంఐల కొనేటోళ్లకు ఇయ్యరు. ప్రాసెసింగ్ ఫీజు తీసుకుంటరు, క్రెడిట్ కార్డు మీద అయితే వడ్డీకి 18 శాతం జీఎస్టీ వేస్తరు. ఒక్క కిస్తు తప్పితే పెనాల్టీ, దాంతోపాటు సిబిల్ స్కోర్ పడుతది. రేపు నీకు చదువు కోసమో, బావకు ఇంటి కోసమో లోన్ కావాల్సి వస్తే ఆ స్కోరే అడ్డం పడుతది. కిస్తు ఎవరి పేరు మీద రాస్తరు? అక్క పేరు మీద.

అప్పు సంగతి సిరిసిల్ల పిల్లవు, నీకు చెప్పాల్నా. సాంచాల చప్పుడు వినుకుంట పెరిగినవు. అండ్ల మస్తు సాంచాలు భివండి, షోలాపూర్‌ల వాడి అమ్మినయే. కొత్త రాపియర్ మగ్గమంటే లక్షల ముచ్చట. 2017ల సర్కారు బతుకమ్మ చీరెలు మొదలుపెట్టింది. మొదటి ఏడు కొన్ని చీరెలు సూరత్ నుంచి తెచ్చిన్రు, తర్వాత ఆ పని సిరిసిల్లకే వచ్చింది. ఏటేటా కొత్త డిజైన్లు కావాలన్నరు. మనోళ్లు పాత సాంచాలు తీసి పారేయలేదు. వాటికే డాబీలు, జకార్డులు బిగించిన్రు. అదే మోటరు, అదే నాడె, అంచు మీద కొత్త పువ్వు. దూరం నుంచి వచ్చి చూసినోళ్లకు పాత ఇనుములెక్క కనిపిస్తది గని, ఏ బోల్టు ఎక్కడ వదులైతదో తెలిసిన మనిషి అదే గల్లీల ఉన్నడు, అది వాళ్ల బలం. 2024 మొదట్ల ఆర్డర్లు లేక సాంచాలు బంద్ పడ్డప్పుడు ఎవరు ఎక్కువ నలిగిన్రో నీకు నాకంటె బాగ తెలుసు. పని ఆగితే కిస్తు ఆగది. ఆ భయం మన ఇంట్లకు ఒక ఫోన్ కోసం రావద్దు.

సెకండ్‌హ్యాండ్ ఫోన్ తీసుకుంటనంటే అది కూడ మంచి ఆలోచనే, గని చూసి తీసుకో. *#06# కొడితే పదిహేను అంకెల ఐఎంఈఐ వస్తది. కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాలల్ల కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, ఆ నంబర్ రాసి 14422కు మెసేజ్ పంపు. దొంగ ఫోనో, బ్లాక్ చేసిందో తెలుస్తది. సంచార్ సాథి పోర్టల్ల కూడ చూడొచ్చు. 2023 మేల అది మొదలైనంక పోయిన ఫోన్లు పోలీసులు వెతికి ఇచ్చుడు బాగ పెరిగింది. బిల్లు లేకుంట ఎంత చవకకు ఇచ్చినా తీసుకోకు.

అక్కకు మాత్రం నీ పాత ఫోన్ ఇయ్యకు. పిల్లలు కొత్తది కొనుక్కొని పాతది తల్లులకు ఇస్తరు, అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్ల పెన్షన్ పైసలు పడే అకౌంట్ పెడుతరు. ఇప్పుడు పీఎం కిసాన్ అని, బ్యాంకు కేవైసీ అని ఏపీకే ఫైళ్లు వాట్సాప్‌ల పంపి అకౌంట్లు ఖాళీ చేస్తున్నరు. ఆమెకు కీప్యాడ్ ఫోనే ఇష్టం, టార్చి ఉంటే చాలంటది. అట్లనే ఉండనీ. కీప్యాడ్ ఫోన్‌ల కూడ పైసలు పంపేటందుకు రిజర్వ్ బ్యాంకు 2022 మార్చిల యూపీఐ 123పే తెచ్చింది. ఒకసారి నువ్వు పక్కన కూసొని నేర్పు. 1930 నంబర్ ఆమె ఫోన్ల సేవ్ చేసి పెట్టు, మోసం జరిగితే ఆ క్షణమే చేయాలని చెప్పు.

హాస్టల్ల బల్ల మీద ఫోన్ పెడితే సిగ్గయితదని అక్కతోని అన్నవట కద. ఆ సిగ్గును నేను చిన్నగ చూడను. గల్ఫ్ నుంచి వచ్చినోని చేతుల ఏమున్నదని చూసే ఊర్లు మనయి. మెడల గొలుసు, చేతుల ఫోన్, కాళ్ల బూట్లు చూసి మనిషికి మర్యాద ఇచ్చుడు నీకంటె ముందు నుంచే ఉన్నది. దాన్ని నువ్వొక్కదానివే మార్చాలని నేను చెప్పను, పద్దెనిమిదేండ్లకు అంత బరువు వద్దు. గని ల్యాబ్ల నీ ప్రోగ్రాం నడిచి పక్కదాని ప్రోగ్రాం నడవనప్పుడు ఆ పిల్ల నీ కాడికే వస్తది. నీ లాప్‌టాప్ ఎవరిదని అప్పుడు అడగదు, ఎర్రర్ ఎక్కడున్నదని అడుగుతది. నువ్వు చిన్నప్పటి నుంచి నా దుకాణంల కూసొని స్క్రూలు ఏరి పెట్టినదానివి. విప్పి చూసే ధైర్యం నీకున్నది, అది శానమందికి లేదు.

బావకు నువ్వే వాయిస్ మెసేజ్ పెట్టు, ఫోన్ అక్కడ కొనొద్దని. ఆ 3,399 దిర్హంలల్ల లాప్‌టాప్‌కు సరిపడ పంపుమను, మిగిలింది ఆయన దగ్గరనే ఉంచుకొమ్మను. ఇంకో రెండు నెలల ముందు ఇంటికి వచ్చే దారి అయితదేమో అడుగు. వచ్చే శనివారం రాత్రి కోరుట్లకు వచ్చేయి, ఆదివారం పొద్దుగాల మొదటి బస్సుకు సికింద్రాబాద్ పోదాం. దుకాణాలు ఎన్ని తెరుస్తరో ముందుగాల ఫోన్ చేసి కనుక్కుంట. కాలేజీ ఐడీ కార్డు తెచ్చుకో, విద్యార్థులకు కొందరు తగ్గిస్తరు. ఒక పెన్‌డ్రైవ్‌ల లైనక్స్ వేసి నేను పట్టుకొస్త. కొనేముందు ప్రతి దాంట్ల పెట్టి నడిపించి చూద్దాం. వైఫై, కెమెరా, స్పీకర్, అన్ని యూఎస్‌బీ పోర్టులు, బ్యాటరీ హెల్త్ అన్నీ నువ్వే చూడాలె, నేను పక్కన నిలబడుత.

నీ మామ